పక్కనున్న ఖాళీ ఆకాశం

మిఠాయి డబ్బా వరండాలో చేతులు మారి మారి సగం ఖాళీ అయ్యాక గానీ చుక్కమ్మకి సంగతి తెలియలేదు. లైబ్రరీ ఆవిడ ఒక ముక్క తీసి చేతిలో పెడుతూ, "అదేంటి, నీకు చెప్పలేదా? మీ చుక్క డేటా దిగిందటగా" అంది. ముక్క నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు. పారేయడానికీ మనసొప్పలేదు. వేళ్ళకి జిడ్డు అంటుకుంటుంటే దాన్నలాగే పట్టుకుని పైఅంతస్తుకి మెట్లెక్కింది.

చుక్కమ్మ అన్నది అమ్మానాన్నా పెట్టిన పేరు కాదు. ఎప్పుడు చూసినా ఒకే చుక్క గురించి మాట్లాడుతుందని ఆమె పనిచేసే పరిశోధన సంస్థ గేటు దగ్గరి వాచ్‌మన్ పెట్టాడు, అది డైరెక్టరు గది దాకా పాకింది. నిజానికి ఆ చుక్క ఒకటి కాదు, రెండు. ఒకటి మామూలుది. రెండోది ఆయుష్షు తీరిపోయి, సూర్యుడంత బరువుతో భూమంత ముద్దగా కుదించుకుపోయిన తెల్ల మరుగుజ్జు. రెండూ జంటగా తిరుగుతుంటాయి, తిరుగుతూ మరుగుజ్జు పక్కదాని ఒంటిమీది వాయువుని లాక్కుంటుంది. అలా లాక్కున్నది తన మీద పడి కాగినప్పుడు ఎక్స్‌రేలు పుడతాయి. అవి మన గాలిని దాటి కిందికి రావు కాబట్టి, చూడాలంటే భూమి చుట్టూ తిరిగే టెలిస్కోపే గతి. ఇదంతా ఒకసారి ఇంట్లో చెబితే అత్తగారు శ్రద్ధగా విని, "అంటే ఆ పొట్టిది పక్కవాళ్ళ కంచంలో చెయ్యి పెట్టే రకమన్నమాట. మా ఆడపడుచు ఒకతి ఉండేదిలే" అంది.

ఆ టెలిస్కోపు అడిగినవాళ్ళందరి వైపూ తిరగదు. దాని సమయం కోసం దేశదేశాల వాళ్ళూ అర్జీలు పెడతారు, కొద్దిమందికి దొరుకుతుంది. ఈసారి దొరికిన అర్జీలో ప్రతి వాక్యం చుక్కమ్మది. పైన పేరు మాత్రం ఆమె విభాగాన్ని నడిపే పెద్దాయనది. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళు అర్జీకి పెద్దగా ఉండకూడదని సంస్థ రూలు. అర్జీ పైన పేరున్నవాళ్ళకే డేటా వస్తుంది, ఏడాది దాకా ఇంకెవరూ ముట్టుకోవడానికి లేదు. 'కాగితం మీద పేరుదేముందమ్మా, చుక్క నీదే కదా' అన్నాడు పెద్దాయన సంతకం పెట్టేటప్పుడు. చుక్కమ్మ నమ్మింది. నమ్మక చేసేదేముంది?

పెద్దాయన గొంతు పెంచే మనిషి కాదు. ఆయన ఎవరినైనా తిట్టగా విన్నవాళ్ళు ఆ బిల్డింగులో లేరు. నవ్వుతూనే గొంతు కోస్తాడని పాతవాళ్ళు చాటున అంటారు. చుక్కమ్మ గదిలోకి రాగానే కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు, తర్వాత తీరిగ్గా చెప్పాడు. డేటా కొత్తగా చేరినతనికి ఇచ్చాడట. అతను పర్మనెంటు. రేపు ఈ విభాగాన్ని నిలబెట్టాల్సినవాడు, చేతికి మంచి పని తగలాలి కదా. పైగా చుక్కమ్మ కాంట్రాక్టు నెలాఖరుకి అయిపోతోంది, ఆ హడావుడిలో ఆమెకెందుకీ బరువు.

అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే. ఒళ్ళు మండదూ మరి? "సార్, ఆ అర్జీ నేను రాశాను" అంది చుక్కమ్మ.

"రాశావు. చాలా బాగా రాశావు. నేను అందరితోనూ అదే చెబుతాను" అన్నాడు ఆయన.

అలా వెంటనే ఒప్పేసుకునే మనిషితో పోట్లాడేదెలా? అనాల్సిన మాటలన్నీ గుమ్మం దాటి బయటికి వచ్చాకే గుర్తొచ్చాయి, ఒకదాని వెనక ఒకటి, వరసగా. చూసుకుంటే గుప్పిట్లో మిఠాయి ముక్క పిండైపోయి ఉంది. కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంది. కడిగిన చెయ్యే మళ్ళీ మళ్ళీ కడిగింది.

కొత్తగా చేరినతన్ని అందరూ ఇస్త్రీ అంటారు, మొహం మీద కాదు లెండి. ఎంత ఎండలో వచ్చినా అతని చొక్కా నలగదు. మనిషి చెడ్డవాడేం కాదు. ఇద్దరి బల్లలూ ఒకే గదిలో, ఎదురెదురు గోడలకి. చుక్కమ్మ లోపలికి వచ్చేసరికి అతని తెర మీద ఒక గీత నున్నగా లేచి, దిగి, మళ్ళీ లేస్తోంది. అతను కుర్చీ తిప్పి, కాస్త ఇబ్బంది పడుతూనే, చూడమన్నాడు. మరుగుజ్జు తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి పట్టే కాలం దొరికిందట. తిరుగుతున్నప్పుడు దాని మీది వేడి మచ్చ ఒకసారి మనవైపు వస్తుంది, ఒకసారి చాటుకి పోతుంది. వెలుగు పెరిగి తగ్గేది అందుకే. నలభై ఎనిమిది నిమిషాలు.

ఇన్నేళ్ళుగా ఆ ఒక్క అంకె కోసమే కాచుక్కూర్చుంది చుక్కమ్మ. వినగానే తెర దగ్గరికి వంగింది. ఆ వెంటనే ఇంకొకటి తట్టింది. టెలిస్కోపు భూమి చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి పట్టేది తొంభై ఆరు నిమిషాలు. సరిగ్గా సగం.

ఈ పనిలో ఉన్నవాళ్ళకి అదొక పాత గొయ్యి. టెలిస్కోపు ఒక్కో చుట్టులో రెండుసార్లు భూమి అయస్కాంత కవచం పలచబడే చోటుకి వెళ్తుంది. అక్కడ ఎక్కడెక్కడి చెత్త కణాలో వచ్చి తగులుతాయి, పరికరం వాటిని కూడా వెలుగు కిందే లెక్కపెడుతుంది. చుక్క బాగా వెలుగుతుంటే ఫర్వాలేదు. మసకగా ఉన్న వారంలో చూస్తే ఆ చెత్త లయే చుక్క లయలా కనిపిస్తుంది. అందుకే కొత్తగా వచ్చే ప్రతివాళ్ళకీ చుక్కమ్మ మొదట నేర్పేది ఒకటే: చుక్కని చూడబోయే ముందు దాని పక్కనున్న ఖాళీ ఆకాశం చూడండి. అక్కడా అదే లయ ఉంటే నోరు మూసుకుని ఇంటికి వెళ్ళండి.

ఖాళీ ఆకాశం చూశారా అన్న ప్రశ్న నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది. నన్నడిగారా, నాకిచ్చారా, మిఠాయి పంచేటప్పుడు నేను గుర్తొచ్చానా? కందకి లేని దురద కత్తిపీటకెందుకు? "బాగుందండీ" అని తన బల్ల దగ్గరికి పోయి కూర్చుంది. ఆ మధ్యాహ్నమంతా ఆమెకి పని సాగలేదు. వాళ్ళు ప్రపంచానికంతా చాటుకున్నాక, ఏ దూరదేశపు పిల్లో ఖాళీ ఆకాశం తీసి చూపిస్తే పెద్దాయన మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ కూర్చుంది. ఆ సాయంత్రం మొగుడికి ఇదంతా చెబుతూ పకపకా నవ్వింది. అంత నవ్వు ఆమె నవ్వి చాలా రోజులైంది. నవ్వుతున్నప్పుడు దవడలు నొప్పెట్టాయి.

*

మర్నాడు పెద్దాయనే కబురుపెట్టాడు. లోపలికి వెళ్ళేసరికి ఆయన తన తెరని ఆమె వైపు తిప్పి ఉంచాడు. దాని మీద వ్యాసం మొదటి పేజీ. శీర్షిక కింద పేర్ల వరసలో మొట్టమొదటిది ఆమె అసలు పేరు, ఇంటిపేరుతో సహా.

నిద్రపట్టలేదమ్మా అన్నాడు ఆయన. న్యాయం కాదనిపించిందట. అర్జీ రాసింది ఎవరు, ఆ చుక్కని ఇన్నేళ్ళు కనిపెట్టుకుని ఉన్నది ఎవరు? అందుకే మొదటి పేరు ఆమెదే. విభాగం అందరి ముందూ, సంస్థ తరఫున పత్రికలకి కబురందించే అతని ముందూ, ఈ ఫలితాన్ని వివరించేది కూడా ఆమే. కాంట్రాక్టు ఇంకో రెండేళ్ళకి పొడిగించమని రాసి పంపేశాడట. డేటా ఇవాళే ఆమెకి వస్తుంది, బొమ్మలు తయారు చేసుకోవాలి కదా.

చుక్కమ్మ ఆ పేజీ కేసి చూస్తూ ఉండిపోయింది. ఈ సంస్థలో ఆమె పేరు ఇన్నాళ్ళూ వ్యాసాల ఆఖర్న, 'సాయపడినవారికి కృతజ్ఞతలు' అన్న చోట ఉండేది, కరెంటు మరమ్మతు చేసినతని పేరుతో పాటు. ఇప్పుడు మొదట. కళ్ళు చెమర్చాయి. ఆయన ముందు అలా చెమర్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది గానీ, సంతోషం సంతోషమే. నలభై ఎనిమిది సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదంటే అబద్ధం. గుర్తు రానివ్వలేదు.

ఇంట్లో పండగే. వాళ్ళుండేది ఆరంతస్తుల అపార్టుమెంట్లో మొదటి అంతస్తు. మొగుడు లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో లిఫ్టులన్నీ అతని చేతి మీద నడుస్తాయి, సొంత బిల్డింగు లిఫ్టు మాత్రం మూడు వారాలుగా ఏదో పార్టు రాక పడుకుని ఉంది. "కోడలేమో చుక్కలదాకా వెళ్ళొచ్చింది, కొడుకేమో తల్లిని రెండో అంతస్తుకి చేర్చలేడు" అని అత్తగారు చెప్పులేసుకుంది. మోకాళ్ళ నొప్పి మనిషి. ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి, కమ్మీ పట్టుకుని, ఆరో అంతస్తు దాకా ఎక్కి, ప్రతి గుమ్మంలోనూ చెప్పి వచ్చింది: మా కోడలి పేరొచ్చింది, మొదటి పేరు. పైన ఉండే రిటైరైన టీచరమ్మ ఒకావిడ నమ్మలేక మూడుసార్లు చెప్పించుకుందట. తిరిగి వచ్చి సోఫాలో కూలబడి, కాళ్ళు పీట మీద పెట్టుకుని, మోకాళ్ళకి నూనె రాసుకుంటూ కూడా నవ్వుతూనే ఉంది.

"నిన్న నలభై ఎనిమిది, తప్పు అని ఏదో అన్నావు?" అన్నాడు మొగుడు చిన్నగా.

"ఇంకా చూడాలి" అని లోపలికి వెళ్ళిపోయింది చుక్కమ్మ.

*

చూసింది. చూడకుండా ఉండగలదా?

పొద్దున్నే, ఇస్త్రీ ఇంకా రాకముందే, డేటా తెరిచింది. చుక్క చుట్టూ ఒక సున్నా చుట్టింది. ఆ సున్నాలో పడిన ప్రతి కిరణం వచ్చిన వేళని వరసగా పేర్చింది. పేర్చగానే తెలిసిపోయింది, చుక్క ఆ వారం అలిగి పడుకుంది. ఎప్పుడూ వెలిగే దాంట్లో పదో వంతు కూడా లేదు. పక్కదాని మీదినుంచి వచ్చే వాయువు ఎందుకో తగ్గిపోయి ఉంటుంది, ఇలాంటి జంటల్లో అది మామూలే. తర్వాత కొంచెం పక్కకి జరిగి, ఏ చుక్కా లేని నల్లటి చోట, సరిగ్గా అంతే సున్నా ఇంకోటి చుట్టింది. అందులో పడినవాటినీ నలభై ఎనిమిది నిమిషాల ముక్కలుగా ఒకదాని మీద ఒకటి మడతపెట్టింది. గీత నున్నగా లేచి, దిగి, మళ్ళీ లేచింది.

నల్లటి చోటు మార్చి చూసింది. అదే. ఇంకో మూల. అదే. ఎక్కడ సున్నా చుట్టినా ఆకాశమంతా ఒకే లయలో ఊగుతోంది. ఆ చెత్తని తీసేసి చుక్కకి ఏం మిగిలిందో చూసింది. ఏమీ మిగలలేదు. మరుగుజ్జు ఎంతసేపటికొకసారి తిరుగుతుందో ఆ వారం అది ఎవరికీ చెప్పలేదు. చుక్కమ్మ రెండు గీతల్నీ తెర మీద ఒకదాని కింద ఒకటి పెట్టింది.

ఇస్త్రీ వచ్చి సంచీ బల్లమీద పెట్టాడు. అతనికి ఆమె తెర కనబడింది. కనబడనట్టు ముందు కిటికీ తీశాడు, తర్వాత కూర్చున్నాడు. "మీరు ఖాళీ ఆకాశం చూశారా?" అని అడిగింది చుక్కమ్మ, రెండు రోజులు మింగిన ప్రశ్న.

అతను చొక్కా చేతి గుండీ పెట్టుకుని, విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు. "చూశాను మేడమ్."

"ఎప్పుడు?"

"మీకు ఆ గీత చూపించిన సాయంత్రమే."

మెల్లగా, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. చూసిన వెంటనే పెద్దాయన దగ్గరికి వెళ్ళాడట. ఆయన కోప్పడలేదు. కొత్త పరికరాల డబ్బు మంజూరు చేసే కమిటీకి ఒక పెద్ద ఫలితం రాబోతోందని అప్పటికే మాటిచ్చేశాడట, వెనక్కి తీసుకోవడానికి లేదట. నిజంగానే తప్పయితే ఏడాదికో రెండేళ్ళకో ఎవరో ఒకరు దిద్దుతారు, శాస్త్రమంటే అదే కదా అన్నాడట. ఇస్త్రీ తన పేరు మొదట ఉండటం గురించి కొంచెం భయపడ్డాడు. దానికి ఆయన దారి చూపించాడు.

"మొదట్లో ఎవరి పేరుండేది?" అంది చుక్కమ్మ, తెలిసే.

"నాది. ఇప్పుడు నాలుగోది." అతను తలెత్తలేదు. "నేను పర్మనెంటు కదా మేడమ్, నాకు మచ్చ పడకూడదన్నారు."

అప్పుడు అర్థమైంది ఆమెకి న్యాయమంటే ఏమిటో, నిద్రపట్టకపోవడమంటే ఏమిటో. ఒప్పు చేసినన్నాళ్ళూ కరెంటు మరమ్మతుదారు పక్కన పడి ఉన్న పేరు, తప్పు మోయాల్సి వచ్చేసరికి అందలం ఎక్కింది. రేపు ఏ పిల్లో వచ్చి ఆ గీత చించి పారేస్తే, 'మా కాంట్రాక్టు అమ్మాయి, పాపం, తొందరపడింది' అంటాడు పెద్దాయన, అదే నవ్వుతో. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, ఓడ దిగాక బోడి మల్లయ్య. చెంపలు భగభగ మండాయి. అన్నిటికన్నా ఎక్కువ మండింది నిన్న ఆ పేజీ చూసి ఏడ్చినందుకు. ఆ పెద్దాయన ముందు, ఆ ఎర చూసి.

మొగుడితో ఆ సాయంత్రం గొడవైంది. అతను కూడా ఆమె మంచికే చెబుతున్నాడు. ముందు కాంట్రాక్టు చేతికి రానీ, తర్వాత మెల్లగా దిద్దుకోవచ్చు, ఈలోపు కొంప మునిగేదేముంది, చుక్క చచ్చిపోదుగా అన్నాడు. ఇంకో ఉద్యోగం ఈ వయసులో, ఈ చదువుకి ఎవరిస్తారో చెప్పమన్నాడు. అవన్నీ నిజాలే. "లేనిదాన్ని ఉందని నా పేరు మీద చెప్పలేను" అంది, అంతే అంది. మాట పెరగకుండా ఇద్దరూ చెరో గదిలోకి పోయారు. హాల్లో అత్తగారు టీవీ సౌండు తగ్గించి, విననట్టు కూర్చుంది.

*

మీటింగు హాల్లో పాతిక మంది దాకా ఉన్నారు. పత్రికల సంగతి చూసే అతను ముందు వరసలో కెమెరాతో సిద్ధంగా కూర్చున్నాడు. పెద్దాయన మైకు దగ్గర, ఇది మా అమ్మాయి విజయం అని మొదలుపెట్టి, కాంట్రాక్టువాళ్ళని కూడా ఈ సంస్థ ఎంత నెత్తిన పెట్టుకుంటుందో చెప్పాడు. చప్పట్లయ్యాయి. చుక్కమ్మ తన బొమ్మలు పెట్టింది. మొదటి దాని మీద పేర్ల వరస, అన్నిటికన్నా పైన ఆమెది, గోడంత అక్షరాల్లో.

రెండో బొమ్మలో ఒకదాని కింద ఒకటి రెండు గీతలు. రెండూ ఒకేలా లేచి దిగుతున్నాయి.

"పైది మన చుక్క. కిందది పక్కనున్న ఖాళీ ఆకాశం" అంది. "నలభై ఎనిమిది నిమిషాలు చుక్కది కాదు. మన టెలిస్కోపు చుట్టులో సగం. చుక్క ఆ వారం దాదాపు వెలగనే లేదు. ఇందులో ఫలితం ఏమీ లేదండీ."

కెమెరా అతను అర్థంకాక అటూ ఇటూ చూశాడు. మిగతావాళ్ళకి అర్థమైంది. లైబ్రరీ ఆవిడకి కూడా అయింది. పెద్దాయన నవ్వు చెదరలేదు. మంచి సందేహమేనమ్మా, దీని గురించి లోపల కూర్చుని తీరిగ్గా మాట్లాడుకుందాం అన్నాడు, లెక్కలు చేసినతను జవాబు చెబుతాడని ఇస్త్రీ వైపు తిరిగాడు. ఇస్త్రీ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. చూశానని అనలేదు, చూడలేదనీ అనలేదు. గుండీ విప్పి పెట్టుకుంటున్నాడు.

"సందేహం కాదు సార్, మీకూ తెలుసు" అంది చుక్కమ్మ. "ఇన్నాళ్ళూ నా పేరు పెట్టమని అడిగాను, మీరు పెట్టలేదు. ఇవాళ అడక్కుండా పెట్టారు. తీసేయండి."

మొదటి బొమ్మ దగ్గరికి వెనక్కి వెళ్ళి, అందరూ చూస్తుండగా తన పేరు మీద గుర్తు పెట్టి, ఒక్కో అక్షరమే చెరిపేసింది. గోడ మీద రెండో పేరు పైకి జరిగి మొదటి పేరయింది. అది పెద్దాయనది. అందరికన్నా పైన ఆ పేరు, పెద్దగా, అలాగే ఉండిపోయింది. మైకు బల్లమీద పెట్టి ఆమె బయటికి నడిచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ లేచి రాలేదు. పత్రికలకి కబురు వెళ్ళకుండా ఆగింది. కాంట్రాక్టూ ఆగింది. సాయంత్రంలోగా గది తాళం ఇచ్చేసి వెళ్ళమని ఆఫీసునుంచి ఫోను వచ్చింది, చాలా మర్యాదగా.

ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతుంటే అత్తగారు మొహం చూసి పసిగట్టింది. చుక్కమ్మ నిలబడే చెప్పింది. పేరు లేదు అత్తయ్యా, నేనే తీయించేశాను, అబద్ధానికి అంటించారు, ఉద్యోగం కూడా పోయింది. మొగుడు వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు.

"ఆరో అంతస్తు దాకా చెప్పొచ్చానే" అంది అత్తగారు.

"తెలుసు. సారీ అత్తయ్యా."

"ఆ టీచరమ్మ మూడుసార్లు చెప్పించుకుంది." పెద్దావిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వాటికేసే చూసుకుంది. పెదాలు బిగుసుకున్నాయి. అది ఎవరి మీది కోపమో చుక్కమ్మకి తెలియలేదు. తర్వాత కొడుకు వైపు తిరిగి, "నీ లిఫ్టు బాగైందా?" అంది.

"పార్టు రాలేదమ్మా."

"రాదులే." సోఫా చెయ్యి ఊతంగా పట్టుకుని లేచింది. గుమ్మం దగ్గరికి వెళ్ళి కాలితో వెతికి చెప్పులు తొడుక్కుంది. ఇప్పుడెక్కడికమ్మా అని కొడుకు అడ్డం రాబోతే చేత్తో తోసేసింది.

"పేరొచ్చిందని చెప్పిన నోటితోనే, ఎందుకు కొట్టేయించుకుందో కూడా చెప్పొద్దూ? రేపు ఆ ముసలాడు ఏదో ఒకటి అల్లి పంపేలోగా చెప్పాలి. ప్రతి గుమ్మంలోనూ చెబుతాను." కోడలి వైపు చూసింది. "నువ్వూ రా. ఆ ఖాళీ ఆకాశం సంగతి నాకు సరిగ్గా చెప్పడం రాదు."

చుక్కమ్మ విప్పిన చెప్పులు మళ్ళీ వేసుకుంది. అత్తగారు అప్పటికే కమ్మీ పట్టుకుంది. మొదటి మెట్టు మీదే మోకాలు కలుక్కుమంది. అమ్మా అని కూడా అనకుండా రెండో మెట్టెక్కింది.